పన్నీరు అని రాశాను

మూడేళ్ల కిందట, జూన్ నెలలో, నన్ను బెంగళూరు ప్రయోగశాల నుంచి తిరుపతిలోని మా ఇంటికి బదిలీ చేశారు. ఉత్తర్వులో సరిగ్గా అలాగే ఉంది. పని చేయవలసిన స్థలం అన్న చోట అలిపిరి దారిలోని మా అద్దె ఇంటి చిరునామా రాశారు. అది చదివి మా నాయన నవ్వాడు. ఆయన బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. బదిలీలంటే ఏమిటో బాగా తెలుసు.

"మన ఇంటికి మనల్నే ట్రాన్స్‌ఫర్ జేసేది నేను యాడా సూడలేదప్పా" అన్నాడు.

నా హోదా ఇంద్రియ పరీక్షకుడు. విదేశీ వైన్లు దిగుమతి చేసుకునే ఒక కంపెనీలో ఉద్యోగం. వైన్ తాగి జీతం తీసుకునేవాడని జనం అనుకునేవారు. నిజానికి మేం తాగం. నోట్లో పోసుకుని, నాలుకంతా తిప్పి, ఉమ్మేసి, ఏం వాసన, ఏం రుచి, ఎంత గాఢత అని రాస్తాం. ఇది తూకం వేసే పని. తక్కెడ బదులు ముక్కు, నాలుక. తక్కెడకు ఇష్టాయిష్టాలు ఉండకూడదు కాబట్టి "బాగుంది" అనే మాట మా ఫారంలో ఎక్కడా ఉండదు.

నేను ఈ పనిలోకి మామిడి గుజ్జు దారిన వచ్చాను. తిరుపతిలో ఆహార సాంకేతిక శాస్త్రం చదివి, పూతలపట్టు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో చేరాను. తోతాపురి గుజ్జులో తీపి ఎంత, పులుపు ఎంత అని యంత్రాలు చెప్పేవి. పులియడం మొదలైన సంగతి మాత్రం యంత్రం కన్నా ముందు నా ముక్కుకు తెలిసేది. ఆ ముక్కును చూసే బెంగళూరు వాళ్లు తీసుకున్నారు.

కంపెనీ అద్దె తగ్గించుకోవడానికి ప్రయోగశాల గది వదిలేసింది. ఇకమీదట పరీక్షకులు ఇళ్లలోనే రుచి చూడాలి, నమూనాలు అనుమతి కాగితాలతో ఇంటికే వస్తాయి అన్నారు. పరీక్షకుల బృందాన్ని మేం ప్యానెల్ అంటాం. మొత్తం ఆరుగురం. నలుగురు పాతవాళ్లు. మిగిలిన ఇద్దరం, అంటే నేనూ వేలూరు నుంచి సెల్వీ, ఇంటి ప్యానెల్‌లో పరిశీలన మీద ఉన్నాం. మూడు విడతల పరీక్షలు అయ్యాక మాలో ఒకరినే ఉంచుతారు. రెండోవారికి ముంబయి రేవు పక్కన గోదాములో సరుకు తనిఖీ పని.

ప్యానెల్‌లో ఆ కుర్చీ నాకు ఎందుకు కావాలో చెప్పాలి. నా భార్య హేమ తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఆమె పని బెంగళూరుకు కదిలేది కాదు. పెళ్లయినప్పటి నుంచి నేను శనివారం సాయంత్రం బస్సెక్కి, ఆదివారం ఇంట్లో ఉండి, సోమవారం తెల్లవారుజామున వెళ్లిపోయేవాణ్ణి. మా పాపకు మాటలొచ్చాక, గుమ్మంలో నన్ను చూస్తే "ఈ పొద్దు ఆదివారం" అనేది. నేను పాప దృష్టిలో ఒక వారం పేరు. ఆ కుర్చీ నిలిస్తే మేం అందరం ఒక ఇంట్లో ఉంటాం.

వెనక గదిని సిద్ధం చేశాను. బల్ల మీద తెల్ల దుప్పటి పరిచాను, రంగు సరిగా కనబడాలి కనుక. పరీక్షకు ముందు ఇంట్లో కాఫీ కాచకూడదు, అగరుబత్తి వెలిగించకూడదు, తాలింపు వేయకూడదు, తలనూనె డబ్బా మూత తీయకూడదు. ఈ నిబంధనలు కంపెనీవే. ఇంట్లో చదివి వినిపించినవాణ్ణి మాత్రం నేను.

"నీ ముక్కు కోసం ఇంటిల్లిపాదీ పత్తెం జెయ్యాల్నా?" అంది హేమ.

"పొద్దున పదకొండు దాకానే" అన్నాను.

నాయన పూజ మిద్దె మీదికి మార్చుకున్నాడు. "దేవుడు గూడా వీడి డ్యూటీ టైం సూసుకోని రావాల" అంటూ కర్పూరం పట్టుకుని మెట్లెక్కేవాడు. ఉమ్మివేసే పాత్ర చూసినప్పుడు మరీ ఆశ్చర్యపోయాడు. "ఊసేదానికి ఇంత సదువెందుకురా? నా బస్సులో కిటికీ పక్కన కూర్సున్నోళ్లంతా నీ కన్నా సీనియర్లు."

మేం పరీక్షించవలసినవి అమెరికా వైన్లు. అమెరికా అంటే కాలిఫోర్నియా వైనే అందరికీ తెలుసు. దానికి పేరుంది, పేరుకు తగ్గ ధర ఉంది. ఇక్కడ ఎవరూ వినని రాష్ట్రాల వైన్లు తెచ్చి హోటళ్లకు అమ్మితే ఎలా ఉంటుందని కంపెనీ ఆలోచన. మిషిగన్, వర్జీనియా, మిస్సోరీ, టెక్సస్, న్యూయార్క్ రాష్ట్రంలోని సరస్సుల ప్రాంతం. ఏ నమూనా ఎక్కడిదో మాకు చెప్పరు. సీసా మీద మూడంకెల సంఖ్య ఒక్కటే ఉంటుంది. ఊరి పేరు తెలిస్తే నాలుక ముందే ఒక అభిప్రాయానికి వస్తుంది. ఒక విడత ముగిశాకే ఆ విడత ఊళ్లు బయటపెడతారు.

మొదటి రెండు విడతలు బాగా జరిగాయి. మిషిగన్ తెల్ల వైన్ పచ్చి ఆపిల్ కొరికినట్టు పుల్లగా మొదలై, నిమ్మతొక్క వాసన వదిలి, చివర కొంచెం తీపి చూపింది. వర్జీనియా ఎర్ర వైన్‌లో పచ్చి కాప్సికం తుంచినప్పటి వాసన. మిస్సోరీ నుంచి ఆ దేశపు సొంత ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్ ఒకటి వచ్చింది. సిరా రంగు. నేరేడుపండు తిన్నాక నాలుకను పట్టేసే వగరు ఉంటుందే, అదే వగరు, దానికి రెండింతలు. టెక్సస్‌ది ఎండు ఖర్జూరం. నా గుర్తింపులు పాతవాళ్ల గుర్తింపులతో సరిపోయాయి. సెల్వివి కూడా సరిపోయాయి. ఇద్దరం సమానంగా మిగిలాం.

అప్పటిదాకా మేం వాసనల చక్రం చూసి రాసేవాళ్లం. ప్రపంచంలో వైన్ పరీక్షకులంతా వాడే పట్టిక అది. గుండ్రంగా, పండ్లు, పూలు, మసాలాలు అని విభాగాలుంటాయి. అందులోని పండ్లలో సగం మాలో ఎవరూ తినలేదు. వాటి వాసనను చిన్న సీసాల్లో పట్టి శిక్షణలో నేర్పారు. ఆ సీసాలోని వాసన వస్తే ఆ పేరు రాయాలి. పండును చూసే అవసరం లేదు. అప్పట్లో నాకు ఇందులో తప్పేమీ కనిపించలేదు.

మూడో విడతకు మా ప్యానెల్ లీడర్ మెహతా గారు చక్రాన్ని పక్కన పెట్టమన్నారు. కొత్త ప్రాంతాల వైన్లకు కొత్త మాటలు కావాలి, ఎవరికి మొదట ఏ మాట తోస్తే అది, ఎవరి భాషలో వారు రాయండి, ఆఫీసులో ఇంగ్లీషు చేయిస్తాం అన్నారు. ఇది మా వృత్తిలో గౌరవంగల పద్ధతే. స్వేచ్ఛా వర్ణన అంటారు.

ఆ విడతలో 417 అనే నమూనా వచ్చింది. లేత బంగారు రంగు. మూత తీసి గ్లాసులో పోస్తుండగానే, ఇంకా ముక్కు దగ్గరికి తీసుకోకముందే, నేను పుత్తూరు బస్టాండులో ఉన్నాను. తోపుడుబండి మీద నల్లగా గుత్తులు, వాటి మీద బండివాడు చిలకరించే నీళ్లు. పన్నీరు ద్రాక్ష. తమిళనాడు వైపు నుంచి మా జిల్లాకు వచ్చే గింజల ద్రాక్ష అది. పండు చిన్నది, తొక్క మందం, కొరికితే గులాబీనీళ్ల వాసన. అందుకే ఆ పేరు. ఫారంలో తెలుగులో రాశాను: పన్నీరు ద్రాక్ష. గాఢత ఎక్కువ.

గ్లాసు బల్ల మీదే ఉండగా నాయన గది ముందు నుంచి వెళుతూ ఆగాడు. "పెండ్లి వాకిట్లో పన్నీరు సల్లినట్టుండాదే. ఇది గూడా ఊసేసినావా?"

"ఊసేసినా నాయనా."

"పాపం" అన్నాడు. నన్నన్నాడో, ఆ వైన్‌నన్నాడో తెలియదు.

వారం తర్వాత ఆన్‌లైన్‌లో ఏకాభిప్రాయ సమావేశం. దీని పద్ధతి ఇది. లీడర్ అందరి మాటలూ చదువుతాడు. ఒకే అర్థం ఉన్నవాటిని కలుపుతాడు, పనికిరానివాటిని తీసేస్తాడు. మిగిలిన మాటలకు ఉమ్మడి పట్టిక తయారవుతుంది. పట్టికలోని ప్రతి మాటకూ ఒక ప్రమాణం ఉండాలి. అంటే ఆ వాసన గల అసలు వస్తువును అందరూ ఒకసారి వాసన చూసి, ఆ మాట అంటే ఇదీ అని స్థిరపరచుకోవాలి.

417కు మెహతా గారు నా మాట మొదట చదివారు. "పనీర్."

ఆఫీసులో ఎవరో నా రెండు పదాలను ఇంగ్లీషు చేస్తూ పన్నీరును పనీర్ చేసి, మధ్యలో కామా పెట్టారు. పనీర్, కామా, ద్రాక్ష. అందులో ద్రాక్ష అన్నదాన్ని మెహతా గారు కొట్టేశారు. వైన్ చేసేదే ద్రాక్షతో, ద్రాక్ష వాసన వస్తోందనడం వర్ణన కాదు, అని నవ్వుతూ వివరించారు. మామూలుగా అది నిజమే. పులిశాక ద్రాక్షలో ద్రాక్ష వాసన మిగలదు. మస్కట్ అనే ఒక్క జాతికే వైన్ అయ్యాక కూడా పండు వాసన నిలుస్తుంది. అది మాకు మొదటి నెలలోనే చెప్పే పాఠం. ఆ రోజు అది ఎవరికీ గుర్తు రాలేదు. పక్కన పనీర్ అనే పెద్ద మాట కూర్చుని ఉంది మరి.

మెహతా గారు తెలివితక్కువ మనిషి కారు. కొన్ని తెల్ల వైన్లకు రెండోసారి పులియడంలో పాల వాసన వస్తుంది. మోతాదు మించితే అది లోపం. ఆయన అదే చెప్పారు. నేను దాన్నే పట్టుకున్నానని మెచ్చుకున్నారు కూడా. పుణెలో ఉండే సభ్యుడు, తాను 'మెత్తన' అని రాశానని, ఇప్పుడు ఆలోచిస్తే అది ఇదేనని అన్నాడు. కొచ్చి సభ్యురాలు 'మీగడ' అని రాసింది. ఆమెకు సంతోషమైంది. నేను మైకు తెరిచి, నేను రాసింది పాల పదార్థం కాదు, గులాబీనీళ్ల వాసన ఉండే ఒక ద్రాక్ష పేరు అన్నాను. ఏకాభిప్రాయ దశలో సభ్యుడు తన మొదటి మాటను మార్చుకోకూడదని మెహతా గారు గుర్తుచేశారు. ఆ నియమం మంచిదే. ఇతరుల మాటలు విని మనుషులు తమ మాటలు మార్చుకుంటారు కనుకనే పెట్టారు. బెంగళూరు ప్రయోగశాలలో ఉండగా కొత్తవాళ్లకు నేనే దాన్ని నేర్పాను.

"మాట మార్చడం లేదు సార్, మాటకు అర్థం చెబుతున్నాను" అన్నాను. తర్వాత సెల్వి వైపు తిరిగి, అంటే తెరలో ఆమె ఉన్న చదరం వైపు తిరిగి, "మీ వేలూరులో పన్నీరు ద్రాక్ష అంటే ఏమిటో చెప్పండి" అన్నాను. ఒక సభ్యుడు మరొకరిని పేరు పెట్టి అడగడం ప్రభావితం చేయడం కిందికి వస్తుందని మెహతా గారు ఆపేశారు. సెల్వి తల దించుకుని ఏదో రాసుకుంటున్నట్టు కనిపించింది.

పనీర్ పట్టికలోకి ఎక్కింది. ప్రమాణంగా ప్రతి ఒక్కరూ ఒక పనీర్ ప్యాకెట్టు కొని, దాన్ని వాసన చూసి, వెంటనే 417ను వాసన చూసి, అందులో పనీర్ వాసన ఎంతో సున్నా నుంచి పదిహేను లోపు అంకె వేయాలి. వేరువేరు రోజుల్లో మళ్లీ మళ్లీ వేయాలి.

నేను పాల దుకాణంలో ప్యాకెట్టు కొన్నాను. గిన్నెలో వేసి వాసన చూశాను. గ్లాసు వాసన చూశాను. మళ్లీ గిన్నె. హేమ డ్యూటీకి బయలుదేరుతూ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"గిన్నెలో ఏముండాది?" అంది.

"పాలు."

"గ్లాసులో?"

"ద్రాక్ష."

"వాళ్లేమంటాండారు?"

"గ్లాసులో గూడా పాలే అంటాండారు."

"ఒక మూడో నాలుగో ఎయ్యి అబ్బా. వాళ్లకు సరిపోతాది, మనకూ సరిపోతాది."

"మీ ల్యాబులో లేని సుగరు ఉండాదని రాస్తావా?"

"ఆడ మనిషి పానం. ఈడ ఏముండాది? ఊసేసే సారాయి." చెప్పులు వేసుకుంటూ అంది: "మల్లా నువ్వు ఆ బిడ్డకు ఆదివారం మనిషివే అవుతావు. అది గూడా ఆలోసన జేసుకోని ఎయ్యి."

ఆమె చెప్పింది సబబే. ఇప్పుడూ అదే అనుకుంటున్నాను. పెన్ను పట్టుకున్నప్పుడు నాకు తోచింది మాత్రం వేరు. తక్కెడ తన ఇంటి పరిస్థితి చూసుకుని ముల్లు కదిపితే అది తక్కెడ కాదు. సున్నా వేశాను. ఆ తర్వాత జరిగిన ప్రతి పరీక్షలోనూ సున్నానే వేశాను.

చివరి నిర్ణయానికి అందరినీ బెంగళూరు పిలిచారు. నేను ముందురోజు చిత్తూరు మార్కెట్లో పన్నీరు ద్రాక్ష కొని, నలగకుండా అట్టపెట్టెలో సర్దుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. సమావేశం బల్ల మీద పెట్టె తెరిచాను. గదంతా వాసన. ఇంక నేను ఏమీ చెప్పనక్కర్లేదు అనుకున్నాను.

మెహతా గారు ఒక గుత్తి తీసుకున్నారు. చాలా బాగున్నాయి, ఎక్కడివి అని అడిగారు. చెప్పాను. పుణె సభ్యుడు గింజలు ఎక్కువ అన్నాడు గానీ ఆపకుండా తిన్నాడు. గింజలు వేయడానికి ఎవరో కాగితం పళ్లేలు తెప్పించారు. సెల్వి ఒక్క పండు తీసుకుని, నోట్లో వేసుకోకుండా చాలాసేపు వేళ్ల మధ్య పట్టుకుని కూర్చుంది. 417ను కూడా ఇప్పుడే తెప్పించి పక్కపక్కన వాసన చూద్దామన్నాను. పట్టిక ఖరారయ్యాక కొత్త ప్రమాణం చేర్చడం కుదరదని మెహతా గారు చేతులు తుడుచుకుంటూ చెప్పారు. ఆయన కంఠంలో కోపం లేదు. పద్ధతి పట్ల ఆయనకున్న గౌరవం నాకున్నదే.

తర్వాత తెర మీద గ్రాఫు వేశారు. అయిదుగురి గీతలు ఒకదాని పక్కన ఒకటి, దగ్గర దగ్గరగా, పైన. నా గీత అడుగున, నేల మీద పడుకున్నట్టు. గణాంకాల భాషలో దీనికి ఒకటే అర్థం: అందరికీ తెలిసే వాసన ఈ సభ్యుడికి తెలియడం లేదు. ఈ ముక్కు పనిచేయడం లేదు. ఆ లెక్క వేసే సూత్రం నాకు వచ్చు. అక్కడున్న అంకెలతో నేను వేసినా అదే జవాబు వచ్చేది.

మా వృత్తిలో ప్యానెల్ సభ్యుణ్ణి తీసేశారు అనరు. రిటైర్ చేశారు అంటారు. నాకు అప్పటికి ముప్పై ఒకటి. ఆ మాట విని మా నాయన, "నేను యాభై ఎనిమిది దాకా లాగినా. నువ్వు నన్ను గెలిసినావు పో" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మిద్దె మీది పూజ మాత్రం ఆ సాయంత్రమే కిందికి వచ్చింది. హేమ వంటింట్లో తాలింపు వేసింది. ఆవాలు చిటపటలాడి, కరివేపాకు, ఇంగువ వాసన వెనక గది దాకా వచ్చింది. పాపకు అన్నం కలుపుతూ, "మీ నాయన ముంబయి యాడుండాదో సూపిస్తాడు, మ్యాపు తెచ్చుకోపో" అంది.

గోదాము పని నేను తీసుకోలేదు. సెల్వి ఒక నెల తర్వాత ఫోన్ చేసింది. వేలూరు వాళ్ల తెలుగు మా చిత్తూరు తెలుగుకు దగ్గరే.

"అన్నా, 417 ఊరు చెప్పినారు. మిస్సోరీ. మస్కట్ జాతి."

"సరే."

"సరుకు వద్దనేసినారు. పాల వాసన లోపమని రిపోర్టు పోయింది."

"సరే."

"నాకు మొదట పన్నీరు ద్రాక్షే వచ్చిందన్నా. నిజంగా. ఫారంలో గులాబీ అని రాసినా. ఆయన పనీర్ అన్నాంక, ప్యాకెట్టు వాసన సూసినాంక, గ్లాసులో అదే వచ్చింది. నేను అబద్దం అంకెలు ఎయ్యలేదు."

నేను అడిగాను. "ఇప్పుడు?"

"ఇప్పుడు మా వీధిలో ద్రాక్ష బండి వస్తే పనీర్ గుర్తొస్తాది అన్నా. తినలేకుండా ఉండాను."

ఆమె నిజం చెప్పిందో, కుర్చీ దక్కినవాళ్లు చెప్పుకునే మాట చెప్పిందో నేను తేల్చుకోలేకపోయాను. నిజమే అయ్యే అవకాశం ఎక్కువని నా చదువు చెబుతుంది. ఒక వాసనకు పేరు వినిపించాక ముక్కు ఆ పేరునే వెతుకుతుంది. దొరికేదాకా వెతుకుతుంది. ఆమె అబద్ధం ఆడిందని తేలితేనే నాకు కొంత తేలికగా ఉండేది.

ఇప్పుడు మామిడి కాలంలో పూతలపట్టు దగ్గర పాత గుజ్జు ఫ్యాక్టరీలోనే పనిచేస్తున్నాను. ఆ కాలం అయిపోగానే మహారాష్ట్రలో టమాటా గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లాలి. అక్కడి నుంచి ఆదివారాలు కూడా రాలేను. పాప బడికి వెళుతోంది. వారాల పేర్లన్నీ నేర్చుకుంది.

ఈ వృత్తి గురించి తెలుసుకోవాలనుకునేవారికి నేను చెప్పగలిగింది ఇది. ప్యానెల్ కొలిచేది వైన్‌ను కాదు, తమలో తాము ఎంతవరకు ఏకీభవిస్తున్నామో దాన్ని. ఆ రెండూ చాలాసార్లు ఒకటే అవుతాయి, అందుకే ఈ వృత్తి నడుస్తోంది. వేరైనప్పుడు నివేదికలో నిలిచేది ఏకాభిప్రాయమే. ఆ తేడాను పట్టుకునే పరికరం వృత్తిలో లేదు. ఉన్న ఒక్క పరికరాన్నీ చెడిపోయిందని తీసేస్తారు.

సెల్వి ఇప్పుడు కొత్తవాళ్లకు శిక్షణ ఇస్తోంది. మేం తయారుచేసిన ఉమ్మడి పట్టికతోనే ఇస్తోందట. అమెరికా తెల్ల వైన్ల విభాగంలో పనీర్ అనే మాట ఇంకా ఉంది. కొత్తగా చేరినవాళ్లు మొదటి రోజే ఒక ప్యాకెట్టు కొనుక్కుని, వాసన చూసి, గుర్తుపెట్టుకుంటారు. ఆ పట్టికకు నేనిచ్చిన మాటల్లో మిగిలింది అదొక్కటే.